మా కంప్యూటరు బదులుపనికి వెళ్ళిన రోజులు

కంప్యూటరు మా ఇంటికి వచ్చింది 2004 వేసవిలో. జీడిపిక్కలు ఎండబోసే రోజులు. దానికి చోటు చేయడానికి ముందుగదిలోంచి రెండు గోనెల పిక్కలు బయటికి తీయించాల్సి వచ్చింది. అప్పటికి నేను హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరై ఏడాది దాటింది. మా ఆయన కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో గుమాస్తా. మా అమ్మాయి విశాఖపట్నంలో ఫార్మసీ చదువుతూ, హాస్టల్లో పెట్టుకోవడానికి వీల్లేక, తన పాత కంప్యూటరుని మా దగ్గర వదిలింది. వెళ్ళేముందు అందులో ఒక ప్రోగ్రాం వేసింది.

"అమ్మా, నువ్వు దీన్ని వాడేది రోజుకో గంట. మిగతా సేపు ఊరికే కూర్చుంటుంది. ఆ ఊరికే ఉన్న సేపు వైద్య పరిశోధన చేసేవాళ్ళకి ఇద్దాం" అంది.

"పరిశోధన మన ముందుగదిలోనా?"

"లెక్కమ్మా. ఒంట్లో ప్రోటీన్లు దారప్పోగులా ఉండి, వాటంతట అవే ఒక పద్ధతిలో ముడుచుకుంటాయి. ఆ ముడత తప్పితే కొన్ని జబ్బులొస్తాయి. ఎలా తప్పుతుందో తెలియాలంటే చాలా పెద్ద లెక్క చేయాలి. ఒక్క యంత్రం వల్ల కాదు. ముక్కలు చేసి ఇళ్ళకు పంచుతారు. ఫ్యాక్టరీవాళ్ళు ఇంటింటికీ పప్పు తూచి ఇచ్చి పొట్టు తీయించుకోరూ, అలాగ."

నాకు వెంటనే అర్థమైంది. పప్పు తీసుకెళ్ళిన మనిషికి అది ఏ ఊరివాళ్ళ స్వీట్లోకి వెళ్తుందో తెలియదు. తన వంతు పొట్టు తీసి, విరగకుండా తిరిగి ఇవ్వడమే ఆమె పని.

ఆ రోజు నుంచి, నేను ముట్టుకోనప్పుడల్లా తెర మీద రంగురంగుల పూసల గొలుసులాంటిది మెల్లగా తిరిగేది. కింద ఒక గీత, దాని పక్కన శాతం. లెక్కల మనిషిని కదా, పూసల కంటే నాకు శాతం ఇష్టం. పొద్దున్న ముగ్గు వేసి వచ్చి ముందు దాన్నే చూసేదాన్ని. కరెంటు పోతే గీత ఆగిపోయేది. ఒక్కోసారి తిరిగి వచ్చాక కొంచెం వెనక్కి కూడా వెళ్ళేది. చేసిన లెక్క కొట్టేసి మళ్ళీ చేయమన్నట్టు నా ప్రాణం ఉసూరుమనేది. ముక్క పూర్తయ్యాక ఫోను తీగ తగిలించి పంపాలి. ఆ కాసేపూ మా ఆయన స్నేహితులు ఎవరు ఫోను చేసినా దొరకదు. "లోకానికంతటికీ వైద్యం చేత్తన్నాం, మనకి ఫోను నేదు" అని ఆయన అనేవారు.

మా ఆయనకి ఒక్కర్తే అక్క, ఆయన పిలుపులో అప్ప. నాకు వదిన. అక్కుపల్లి దాపున, ఉద్దానంలో ఆమె ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరి, ఆ వెనక జీడితోట. మూడేళ్ళ ముందు మా అన్నయ్య, అంటే ఆమె భర్త, కిడ్నీ జబ్బుతో పోయారు. ఆ ఊళ్ళో అది కొత్త కాదు. నీళ్ళంటారు, ఎండలో చాకిరీ అంటారు, నొప్పి బిళ్ళలంటారు. ఇదీ కారణమని తేల్చి చెప్పినవారు లేరు. ఆ వేసవిలోనే వదినకీ కాళ్ళు పొంగడం మొదలైంది. పలాసలో రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే ఆగి తెరకేసి చూసింది.

"ఏటే టీచరమ్మా, టీవీ మార్చీసినారేటి?"

"టీవీ కాదు వదినా, కంప్యూటరు. లెక్క చేస్తోంది."

"ఎవుల్దే లెక్క?"

"ఎక్కడో డాక్టర్లది. జబ్బులకి మందు కనిపెట్టడానికి."

"కూలెంతిత్తారు?"

"కూలి లేదు."

"మరి కరెంటు?"

"మనదే."

"మా తమ్ముడు ఒప్పుకున్నాడేటి?"

మా ఆయన పేపరు చాటునుంచి, "నన్నెవులు అడిగినారప్పా?" అన్నారు.

వదిన పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, ఒక నిర్ణయానికి వచ్చినట్టు, "అయితే బదులన్నమాట" అంది. నేనూ నవ్వి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

ఉద్దానం ఊళ్ళల్లో పని రెండు రకాలు. ఒకటి కూలికి. రెండోది బదులుకు. ఇవాళ నా చేలో నాట్లకు నీ ఇంటివాళ్ళు వస్తే, నీ నాట్లనాడు నా ఇంటివాళ్ళు రావాలి. డబ్బు ఊసు ఉండదు, కాగితం ఉండదు. అయినా ఎవరికి ఎవరు బాకీయో ఊరందరికీ తెలుసు. కూలి లేని పని వదిన ఎరిగినంతలో అదొక్కటే.

ఆ కాగితం చూసిన పలాస డాక్టరు, ఆలస్యం చేయకుండా విశాఖ వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నాడు. డయాలసిస్ తప్పదన్నాడు. వదిన బుర్ర ఊపి ఊరికి వెళ్ళిపోయింది. ఆ తరవాత మేము ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒకటి అడ్డు చెప్పేది. ముందు పిక్కల ఏరుడు. తరవాత కొబ్బరి దింపు. తరవాత ఆవు ఈనడానికి ఉంది.

కాని పలాస వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేది. చెప్పులు విడవకముందే, "ఎంతైనాది?" అని అడిగేది. నేను సంబరంగా శాతం చెప్పేదాన్ని. ఎప్పుడూ ఎవరూ నా లెక్కలు అడగరు. మా ఆయనకి ఆ గీత అసలు కనబడనే కనబడదు. ఈవిడ ఒక్కర్తే అడుగుతుంది. అందుకని కుర్చీ వేసి కూర్చోబెట్టి, కరెంటు కోతలు పోగా ముక్క ఎప్పటికి పూర్తవుతుందో దామాషా వేసి మరీ వివరించేదాన్ని. ఆమె శ్రద్ధగా వినేది. వెళ్ళేటప్పుడు, సముద్రపు గాలికి యంత్రం తుప్పు పడుతుందేమోనని తన పాత నేతచీర ముక్క దాని మీద కప్పబోయేది. "వేడెక్కిపోతుంది వదినా" అని నేను తీసేసేదాన్ని.

వానలు ముదిరాక ఒక ఆదివారం ఆటోలో వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది. గుమ్మం ఎక్కడానికి మా ఆయన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన ఆవిణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చున్నారు.

"అప్పా, ఇంక నాను వినను. రేపు పొద్దున్న రైలుకి ఎల్దుం."

"ఎల్లినోలు ఏటైనారో సూణ్ణేదా? మీ బావ ఎల్లినాడు. పక్కింటి పిల్లడు ఎల్లినాడు. వైద్దానికి తోటలు అమ్మీసినారు, మనుసులూ పోనారు."

"బావ ఎల్లినప్పుడే ఆలీసెం అయిపోనాది. డాక్టరు సెప్పనేదా?"

"కొన్నాల్లు ఆగురా. మన వంతు రానీ."

"ఏం వంతు?" అన్నాను నేను.

వదిన నాకేసి వింతగా చూసింది. "నువ్వే కాదేటే లెక్క సెప్పినావు? ఏసంగి కాడినుంచీ ఆల పని సేత్తన్నాం. మూడు ముక్కలు అప్పసెప్పినాం. ఇంక మన పనికి ఆలు రావాల కాదా? ఆలందరి మిసన్లూ కలిసి మన కిడ్నీ లెక్క తేల్చీత్తే, మందే వత్తాది. ఈ గొట్టాలూ సూదులూ ఎందుకు?"

మా ఆయన తల తిప్పి నాకేసి చూశారు. ఏ జబ్బు లెక్కో ఆమె ఎప్పుడూ అడగలేదు. బదులులో ఆ ప్రశ్న ఉండదు.

మన వంతు వచ్చేసిందని అబద్ధం ఆడి ఆవిణ్ణి రైలెక్కించవచ్చు. కాని నాకు తప్పుడు లెక్క చెప్పడం రాదు. నేనూ నేల మీదే కూర్చున్నాను.

"వదినా, ఇది కిడ్నీ లెక్క కాదు. అమ్మాయి చెప్పింది, ఇది ముసలితనంలో మతిమరుపు తెచ్చే జబ్బుది. తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో చేసేవాళ్ళకే తెలీదు. మన ఊరు ఒకటుందని కూడా వాళ్ళకి తెలీదు. వాళ్ళు మన పనికి రారు."

ఆమె తెరకేసి తిరిగింది. తెర మీద పూసలు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూస్తుంటే మొదటిసారి నాకు కోపం వచ్చింది.

"ఆపేయమంటావా?" అని లేచాను.

"ఇస్సీ! కూకో. పని ఒప్పుకుని మద్దెలో వొగ్గీత్తారేటి? ఎవులి సేనైనా సేనే."

ఆ మాట విన్నాక నేను చెప్పవలసింది నాకు దొరికింది. మా ఆయనకి పద్దెనిమిదో ఏట క్షయ వచ్చింది. అమ్మ లేదు. అప్పటికే పెళ్ళయిన ఈ అక్కే ఆయన్ని తన ఇంట పెట్టుకుని, ఎడ్లబండి మీద టెక్కలి తీసుకెళ్ళి సూదిమందు వేయించేది. పెళ్ళయిన కొత్తలో ఆ కథ నాకు ఆమే చెప్పింది.

"వదినా, తమ్ముడికి టెక్కలిలో వేసిన ఆ సూదిమందు ఎవరు కనిపెట్టారు?"

"నాకేటి తెలుసు?"

"వాళ్ళ చేలో మనం ఎప్పుడైనా నాట్లు వేశామా?"

"నేదు."

"మరి వాళ్ళు మన పని చేసి వెళ్ళిపోయారు కదా."

వదిన తమ్ముడికేసి చూసింది. జుట్టు తెల్లబడ్డ తమ్ముడు, అరవయ్యో పడిలో పడ్డ తమ్ముడు, చిన్నపిల్లాడిలా ఆమె పొంగిన పాదం పట్టుకుని కూర్చున్నాడు.

"అయితే ముందే వొచ్చీసినారా ఆలు?" అంది మెల్లగా.

"ముందే వచ్చారు. విశాఖలో రక్తం కడిగే ఆ మిషను కూడా అలా ఎవరో చేసి పెట్టి వెళ్ళిందే. మనం వెళ్ళకపోతే వాళ్ళ పని వృథా."

"అబ్బో, బాగా సదువుకున్నావే" అంది. అందులో వెటకారం ఉంది, ఒప్పుకోలూ ఉంది. తరవాత తమ్ముడి నెత్తి మీద ఒకటి మొట్టి, "ఏడవకురా గుంటడా. ఎల్దుం. తోట మాత్రం అమ్మనివ్వను సూడు" అంది.

సోమవారం పొద్దున్న పలాసలో రైలెక్కాం. విశాఖలో మా అమ్మాయి స్టేషనుకి వచ్చింది. మొదటిసారి మిషను పెట్టినప్పుడు వదిన గొట్టంలో తన రక్తం వెళ్ళడం కన్నార్పకుండా చూసింది. ఆ రాత్రి వణికింది, ఇంటికి తీసుకుపొమ్మని తిట్టింది. రెండోసారి తిట్టలేదు. మూడోసారి అయ్యాక నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కొన్ని నెలలుగా అన్నం చూస్తేనే వికారంతో ముఖం తిప్పుకునే మనిషి, నా సంచీకేసి చూసి, "ఆకలేత్తందే. ఏటి తెచ్చినావు?" అంది.

మూత తీసి ఇచ్చాను. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం, ఉప్పు లేకుండా చేసిన ఉప్మా. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది.

"టీచరమ్మా, లెక్కలొక్కటీ వొచ్చునే నీకు. వంట రాదు."

అని, గిన్నె దగ్గరికి లాక్కుని, చివరిదాకా తినేసింది.