ఆసుపత్రి సంగతి

మా ఆయన ఆంజనేయరాజు గారు తాగుడు మానేసి ఏడేళ్ళయింది. ఇప్పుడు ఇతరుల చేత మాన్పించడమే ఆయన ఉద్యోగం. రాజమండ్రిలో ఒక డీ-అడిక్షన్ సెంటర్ వాళ్ళు ఆయన్ని కోచ్ గారూ అంటారు. భీమవరం దగ్గర మా ఊళ్ళో మాత్రం మందు మాస్టారు అంటారు. వెనకాల అనే మాటే అయినా మాకు వినపడేలాగే అంటారు.

కోచ్ అంటే విజిల్ ఊదడం కాదు. సెంటర్ నుంచి ఇంటికెళ్ళినవాడి వెంట పది పదిహేను రోజులు తిరగాలి. వాడితో టీ తాగాలి, వైన్ షాపు ముందు నుంచి వాడి చెయ్యి పట్టుకుని నడవాలి, ఫోను వస్తే అన్నం ముందు నుంచి లేచిపోవాలి. రొయ్యల చెరువు గట్టున మేత బస్తాల్లో, మోటారు షెడ్డులో, ఆఖరికి కొబ్బరిబోండంలో కూడా సరుకు ఎలా దాస్తారో ఆయనకి తెలుసు. తెలియకేం? అవన్నీ ఆయన దాచుకున్న చోట్లే. నేను వెతికి వెతికి విసిగిపోయిన చోట్లే.

ఆయన ఎలా మానేశారో అసలు సంగతి చెప్తాను. కాకినాడలో ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. మొదటి మూడు రోజులూ ఒళ్ళంతా వణుకు. గోడల మీద పాములున్నాయని కేకలు పెట్టి మీద పడుతుంటే మంచానికి కట్టేశారు. సెలైన్లూ ఇంజెక్షన్లూ పడ్డాక మనిషి మనిషయ్యారు. ఇంటికొచ్చిన తరవాత అయ్యప్ప మాల వేసుకుని కొండకి వెళ్ళొచ్చారు. మా అన్నయ్యా వదినా ఉండేది ఈ ఊళ్ళోనే. వాళ్ళకి పరువంటే ప్రాణం. బావగారిని మంచానికి కట్టేశారంటే వాళ్ళు ముఖం ఎక్కడ పెట్టుకుంటారు? అందుకని ఆసుపత్రి సంగతి మింగేసి, మాల వేసుకున్నారు, మానేశారు అని ఊరంతా చెప్పాను. ఆయన చేతా అదే చెప్పించాను. చెప్పించేటప్పుడు నాకేమీ సిగ్గనిపించలేదు.

మొన్న కార్తీకమాసంలో సంపూర్ణమ్మ మా ఇంటికి వచ్చింది. మూడెకరాల వరి చేసుకునే మనిషి, భర్త లేడు. గణేష్‌బాబు ఒక్కడే కొడుకు. ముప్పై నాలుగేళ్ళవాడు పొద్దున్న పళ్ళు తోముకోకముందే గ్లాసు పట్టేవాడు.

"రాజు గారూ, మీకెలా తగ్గిందండి? ఆ దారేంటో మావోడికీ చెప్పండి, మీ కాళ్ళకి దండం పెడతాను," అంది.

ఆయన నోరు తెరిచారు. పక్కగదిలో మా వదిన కూర్చుని ఉంది. నేనే అందుకున్నాను.

"అంతా స్వామి దయ, సంపూర్ణమ్మా. మాల వేసుకున్నాక మళ్ళీ ముట్టలేదు."

"ముందు ఒకసారి రాజమండ్రి తీసుకురండి, డాక్టరు గారు చూస్తారు," అన్నారాయన. ఆవిడ ఆ మాట విందో లేదో, ముఖం చాటంత చేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ గడప దాటగానే ఆయన నా మీద విరుచుకుపడ్డారు. "రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే చచ్చిపోతాడే! మందులిచ్చి మెల్లిగా మాన్పించాలి. రేపెళ్ళి నిజం చెప్పేస్తాను."

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి నుంచి ఫోను. ఆయన చూస్తున్న ఇంకో మనిషి మళ్ళీ సీసా పట్టాడు. వెళ్ళినవారు మూడో రోజు మధ్యాహ్నానికి గానీ రాలేదు. ఆ మూడు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను. సంపూర్ణమ్మ ఇల్లు మాకు రెండు వీధుల అవతల. నేను వెళ్ళలేదు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో భజన అని తెలిసి ఇద్దరం పరుగెత్తాం. గురుస్వామి అప్పాజీ చేత గణేష్‌బాబుకి మాల వేయించి అప్పటికి మూడో రోజు. నల్లబట్టల్లో పీట మీద కూర్చుని, చెమటతో తడిసిపోయి గడగడ వణుకుతున్నాడు. "అదుగో, గోడ మీంచి వస్తున్నారు, పట్టుకోండి," అని అరుస్తున్నాడు. జనం శరణుఘోష పెంచారు. స్వామి పూనాడట! ఆడవాళ్ళు హారతులు పడుతున్నారు. సంపూర్ణమ్మ కన్నకొడుకు కాళ్ళ మీద పడి స్వామీ, స్వామీ అని ఏడుస్తోంది.

"పూనకం కాదమ్మా ఇది! మందు ఆపినందుకు వచ్చిన వణుకు. ఫిట్స్ వస్తాయి. లేపండి, భీమవరం తీసుకెళ్దాం," అని మా ఆయన కేకేశారు.

"మాలలో ఉన్న స్వామిని ముట్టుకోకండి," అన్నాడు అప్పాజీ.

సంపూర్ణమ్మ లేచి నిలబడింది. "మీకైతే స్వామి, మావోడికైతే ఆస్పత్రా అండీ?"

"నేనూ ఆసుపత్రిలోనే బాగుపడ్డానమ్మా. పదకొండు రోజులున్నాను. ఇలాగే వణికాను, ఇలాగే అరిచాను, నన్ను మంచానికి కట్టేశారు. మాల ఆ తరవాత వేసుకున్నాను. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. నన్ను చెప్పుతో కొట్టండి గానీ ముందు వాణ్ణి ఆటో ఎక్కించండి."

భజన ఆగింది. ఆవిడ నా వైపు తిరిగింది. "నిజమేనా అండీ, ఇంద్రజమ్మ గారూ?"

అవునంటే చాలు. హారతి పళ్ళెం పట్టుకుని మా వదిన నన్నే చూస్తోంది.

"ఈయన ఊరికే కంగారు పడుతున్నారు. అప్పుడేదో జ్వరమొస్తే రెండ్రోజులున్నారంతే," అన్నాను.

మా ఆయన నన్ను చూసిన చూపు గురించి చెప్పలేను. మళ్ళీ భజన అందుకున్నారు. ఆయన గణేష్‌బాబు దగ్గరికి వెళ్ళబోతే నలుగురు అడ్డం నిలబడ్డారు.

పావుగంటకి వాడు పీట మీంచి పడ్డాడు. కళ్ళు తేలేశాడు, నోట్లోంచి నురగ. అప్పుడు కూడా ఎవరో కర్పూరం వెలిగించారు. మా ఆయన అందరినీ తోసేసి, వాణ్ణి భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తి ఆటో ఎక్కించారు. దారిలో మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. భీమవరం చేరకముందే ఆయన ఒళ్ళోనే ప్రాణం పోయింది.

ఊరికి కారణం దొరకడానికి ఒక్క రోజు కూడా పట్టలేదు. స్వామి ఒంటి మీదుండగా తాగుబోతు ముట్టుకుని ఈడ్చుకెళ్ళాడు, అందుకే పోయాడన్నారు. ఆయన రాజమండ్రిలో గది తీసుకుని అక్కడే ఉంటున్నారు. పని మానలేదు, మళ్ళీ తాగనూ లేదు. నాతో మాత్రం మాట్లాడడం లేదు.

పెద్దకర్మకి ఆయన్ని పిలవలేదు. నాకు కబురొచ్చింది. వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని మా వదినతో కలిసి వెళ్ళాను. భోజనాల బంతిలో కూర్చున్నాక సంపూర్ణమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఆ రోజు నాతో నిజం చెప్పింది మీరొక్కరేనండి. మొగుడని కూడా చూడకుండా చెప్పారు," అంది. తనే నా విస్తట్లో రెండు గారెలు వేసింది. "తినండమ్మా, మొహమాటపడకండి."

మా వదిన పక్కనే కూర్చుని ఉంది. నేను తిన్నాను.