నిచ్చెనకు కట్టిన ఎర్ర స్కార్ఫు

మా ఇంట్లో నిచ్చెనకున్న మర్యాద అల్లుడికి కూడా లేదు. దానికి కారణం మా నాన్న. ఆయన మా బిలాస్‌పూర్ రైల్వే సిక్‌లైన్‌లో, అంటే జబ్బుపడ్డ బోగీలను నిలబెట్టి మరమ్మతు చేసేచోట, ఫిట్టరు. అక్కడ బోగీ కిందికి దూరేవాడు ముందు ఎర్రజెండా పాతాలి. పనయ్యాక పాతినవాడే పీకాలి. ఇంకొకడు ముట్టుకుంటే, వాడు ఎంత పెద్ద సాహెబైనా సరే, షెడ్డంతా కలిసి వాడి ఏడు తరాలనూ తలుచుకునేది. నాన్న ఆ నియమాన్ని టిఫిను డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాడు. మా ఇంట్లో అటక ఎక్కేవాళ్లు నిచ్చెనకు ఎర్ర తువ్వాలు కట్టాలి, దిగాక తామే విప్పాలి. ఒకసారి మా ఆవిడ విప్పడం మరిచిపోయి విజయనగరం రైలెక్కేసింది. ఆమె తిరిగొచ్చేదాకా హాల్లో ఆ నిచ్చెన చుట్టూ ప్రదక్షిణలు చేశాం. చూడవచ్చిన చుట్టాలు దానికి బొట్టు పెట్టబోయారు కూడా.

మా చెల్లెలి కూతురు ఈ ఇంట్లోనే పెరిగింది. బావకు దూరంగా కర్గీ రోడ్ స్టేషన్లో డ్యూటీ, పిల్లకు ఇక్కడ చదువు. ఇప్పుడు ఎయిర్‌హోస్టెస్. ఆ వార్త మా పేట సర్కండా ఆటోవాళ్లలో సగంమందికి నేనే చెప్పాను. మిగతా సగానికి వాళ్లు చెప్పారు.

మొన్న వేసవిలో వాళ్ల చిన్న విమానం ఏదో నలత చేసి మా ఊరి విమానాశ్రయం చకర్‌భాటాలో ఆగిపోయింది. ప్రయాణికులను దింపేశారు, మెకానిక్కులు బయట పనిలో పడ్డారు. క్రూ మాత్రం లోపలే ఉండి సీట్లు సర్దాలి, చెత్త తీయాలి. వెనక, సామాన్లు ఎక్కించే చిన్న తలుపుకు ఒక నిచ్చెన ఆనించి ఉంది. మా పిల్ల దానిమీదుగా సంచులు దింపుతోంది. ఇంటి అలవాటు ఎక్కడికి పోతుంది? మెడలోని యూనిఫాం ఎర్ర స్కార్ఫు తీసి నిచ్చెన కమ్మీకి కట్టింది. ఇక దాన్ని బ్రహ్మదేవుడు కూడా కదపడని ఆమె ధీమా.

బ్రహ్మదేవుడు కదపలేదు. ఇంజను చూడ్డానికి నిచ్చెన కావలసొచ్చిన ఒక మెకానిక్ వచ్చి స్కార్ఫు విప్పి, నిచ్చెన ఎత్తుకుపోయాడు. లోపలివాళ్లకు ఒక్క మాట చెప్పలేదు. తలుపు అలాగే బార్లా తెరిచి ఉంది. మా పిల్ల ఒక చేత్తో సంచి లాగుతూ, నిచ్చెన దిగేవాళ్లలా వీపు బయటికి పెట్టి, కాలితో మెట్టు వెతికింది.

నేను చెప్పేటప్పుడు ఆ తలుపు మూడంతస్తుల ఎత్తులో ఉంటుంది. ఆమె చెబితే మనిషెత్తు. ఏదైతేనేం, మడమ ఎముక విరిగింది. ఈ ఒక్కదానికీ నేనేమీ కలపలేదు.

"ఏటే, ఆడు ఒక్క కేకైనా వెయ్యనేదా?" అని ఆసుపత్రిలో అడిగాను.

"లేదు మావయ్యా. ఆ స్కార్ఫుకి అర్థమేటో అతనికెలా తెలుస్తుంది? పాపం, తర్వాత మడతపెట్టి మరీ తెచ్చిచ్చాడు."

"మడతపెట్టాడా! మా బాబే! ఇస్త్రీ కూడా చేయించాల్సింది!"

నిజానికి నా కోపం వాడిమీద కాదు. విమానం గాల్లో ఉన్నప్పుడు ఈ పిల్లలు ఎలా నిలబడాలో, ఎంత నవ్వాలో కంపెనీ నూరిపోసింది. నేలమీద మరమ్మతు జరిగేటప్పుడు, లోపల మనుషులున్నారు, చెప్పి నిచ్చెన తీయండని మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పాత గూడ్సు పెట్టెకున్న పాటి భద్రత కోట్లు పోసి కొన్న విమానంలో పనిచేసే పిల్లకు లేదు!

తర్వాత కంపెనీ మేనేజరు మా ఇంటికొచ్చాడు. గుమ్మడికాయలంత యాపిళ్లు తెచ్చాడు. మాటలన్నీ హిందీలోనే. "దేఖియే అంకుల్‌జీ, హీలు జారిందని అమ్మాయి నా ఫోను కెమెరా ముందు ఒక్క ముక్క చెబితే రికార్డు చేసుకుపోతాను. కట్టు విప్పగానే డ్యూటీ. లేదంటే ఎంక్వైరీ. పైగా డ్యూటీలో స్కార్ఫు తీయడం యూనిఫాం నేరం" అన్నాడు.

ఆ హీళ్లు తొడగమన్నది వీళ్లే! నా బీపీ అమర్‌కంటక్ కొండ దాటింది.

అప్పటికి మా ఆవిడ పిల్లకోసం పాత చంకకర్ర వెతకడానికి అటకెక్కి ఉంది. నిచ్చెనకు తువ్వాలు వేలాడుతోంది. మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకోవడానికని, అడ్డంగా ఉన్న నిచ్చెనమీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి!" అని నేనూ పిల్లా ఒక్కసారే అరిచాం. వీధిలో ఒక స్కూటరు ఆగిపోయింది.

"ఎవుడ్రా నిచ్చెన కదిపింది?" అని ఆకాశవాణి వినిపించింది.

అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "సారీ ఆంటీజీ, పైన మీరున్నారని తెలీదు."

"తువ్వాలు కనబడింది కదా సర్?" అంది మా పిల్ల.

"కనబడింది. కానీ దానర్థం..."

"అచ్ఛా. అందుకే సర్, మీ కంపెనీలో అందరికీ అర్థమయ్యే గుర్తు ఒకటి ఉండాలి. ఫోన్ ఆన్ చెయ్యండి." అతను చేశాడు. ఆమె తిన్నగా కెమెరాలోకి చూసి చెప్పింది: "నా హీలు జారలేదు. లోపల నేనుండగా, నాకు చెప్పకుండా నిచ్చెన తీసేశారు. తలుపు వెయ్యలేదు, అడ్డంగా తాడైనా కట్టలేదు."

అతను ఫోను జేబులో పెట్టుకుని, యాపిళ్లు వదిలేసి వెళ్లిపోయాడు. వాటిని నేను ముట్టనన్నాను. సాయంత్రానికి రెండు తిన్నాను, కోపంతోనే తిన్నాను.

కట్టు విప్పారు. పిల్ల వీధి చివరిదాకా నడిచి వస్తోంది. డ్యూటీకి రమ్మని మాత్రం ఫోను రాలేదు. మేమే చేస్తే, ఎంక్వైరీ నడుస్తోంది అంటారు. పిల్ల ఇంట్లో కూర్చుంది, ఎంక్వైరీ నడుస్తోంది!

మా ఆవిడ అటక దిగి చాలాకాలమైంది. తువ్వాలు మాత్రం విప్పలేదు.

"ఇంకా విప్పవేటే?" అన్నాను.

"నానెక్కింది పిల్ల నడిచి డ్యూటీకెల్డానికి. ఆ పని అవ్వనేదు. ఫోను రానీండి, ఇప్పుతాను."

నిచ్చెన హాలు నడిమధ్యనే ఉంది. నిన్న దాన్ని తప్పించుకోబోయి మోచెయ్యి కొట్టుకున్నాను. విప్పమని మళ్లీ అడగలేదు.