వసుమతి ఇంటి రాంగ్ నంబర్

నాంపల్లి స్టేషన్ వెనక సందులోని వసుమతి ఇంటికి టెలిఫోను వచ్చిన రోజు, పొయ్యి మీద ఎసరు పెట్టినవాళ్ళు కూడా దించి వచ్చి చూశారు. నల్లగా, నున్నగా, ఎత్తితే చేతికి బరువు తెలిసేలా ఉంది. అంకెల చక్రంలో వేలు పెట్టి తిప్పి వదిలితే గిర్రున వెనక్కి వచ్చేది. "ఇసుర్రాయి పిల్లను పెట్టినట్టున్నది" అన్నది ఒక ముసలమ్మ.

అది 1959. వసుమతి భర్త ప్రహ్లాద్‌కు బేగంబజార్‌లో మిరియాలు, జీలకర్ర టోకు వ్యాపారం. మంచి మాటకారి. ఆయన దుకాణంలో సరుకు కంటే ముందు మాట తూగేది. వసుమతి అట్లా కాదు. ఆమెకు వస్తువులతో పొత్తు. పంపు స్టవ్వు బుస్సుమనడం మాని భగ్గుమంటే, పిన్నుతో దాని ముక్కు పొడిచి దారికి తెచ్చేది. రేడియో గొంతు బొంగురుపోతే వెనక అట్ట విప్పి, దీపాల్లాంటి వాల్వులను ఒక్కొక్కటే తీసి, కాళ్ళు తుడిచి, మళ్ళీ కూర్చోబెట్టేది. ఎవరూ నేర్పలేదు. విప్పేటప్పుడు ముందు వచ్చినదాన్ని బిగించేటప్పుడు చివర పెట్టాలి. ఆమె చదివిన చదువు అంతే, అది ఎప్పుడూ తప్పలేదు.

ఫోను వచ్చిన మర్నాడే ప్రహ్లాద్ ఆబిడ్స్‌లో చిన్న తాళం ఒకటి కొని తెచ్చాడు. దాన్ని చక్రంలోని ఒక రంధ్రంలో బిగిస్తే ఇక చక్రం తిరగదు. బయటివాళ్ళ ఫోన్లు వస్తాయి గాని ఇంట్లోంచి చేయడం కుదరదు. తాళంచెవి ఆయన లాల్చీ జేబులో ఉండేది.

"సందు సందంత వచ్చి తిప్పుతరే. ఎంతమందిని కాదంటం?" అన్నాడు.

"నేను గూడ సందులదాన్నేనా?" అంది వసుమతి.

ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

వసుమతి అలగలేదు. అలిగితే వస్తువు అర్థం కాదు. ఆదివారాలు భర్త తాళం తీసి గుమస్తాకు ఫోను చేస్తుంటే, పక్కన బియ్యం ఏరుతూ వినేది. చక్రం వెనక్కి వచ్చేటప్పుడు లోపల కటకటమని చప్పుడయ్యేది. మూడు తిప్పితే మూడు, ఐదు తిప్పితే ఐదు. ఒకరోజు ఫోను తుడుస్తూ, రిసీవర్ ఆనించే మీటను వేలితో నొక్కి వదిలింది. చెవిలో అదే కటక్. "అట్లనా సంగతి" అనుకుంది. పైన లేసు గుడ్డ కప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటికి అవసరం లేదు మరి.

అసలు తిరకాసు నంబరుతో వచ్చింది. స్టేషన్ ఎంక్వైరీ నంబరుకు, వాళ్ళ ఇంటి నంబరుకు చివరి అంకె ఒక్కటే తేడా. తొందరలో ఉన్నవాళ్ళ వేలు పక్క రంధ్రంలో పడేది. రైలుకు పోయేవాళ్ళు ఎప్పుడూ తొందరలోనే ఉంటారు గదా! పొద్దున్నే ఫోను మోగడం, "బొంబాయి బండి వచ్చిందా?" అనడం, ప్రహ్లాద్ "రాంగ్ నంబర్!" అని అరిచి పెట్టేయడం. బేగంబజార్ ధరలు మోయడానికి తెచ్చుకున్న ఫోను రైళ్ళు మోయడం మొదలుపెట్టింది.

మొదట్లో వసుమతి కూడా రాంగ్ నంబరే అనేది. ఒకసారి ఎవరో పెద్దాయన, "రాంగ్ నంబరైతే కానీ తల్లీ, నీకేమన్న తెలిస్తే జర చెప్పు. బిడ్డ దిగుతది, నాకు కండ్లు సరిగ్గ ఆనవు" అన్నాడు. వసుమతి రిసీవర్ పక్కన పెట్టి మిద్దె ఎక్కింది. అక్కడ నిలబడితే ప్లాట్‌ఫారం రేకులు, పట్టాలు, సిగ్నల్ కంబం కనిపిస్తాయి. దిగివచ్చి, "రాలే తాతా. సిగ్నల్ గూడ ఇయ్యలే. నిమ్మళంగ పోయినా దొరుకుతది" అంది.

అప్పటినుంచి ఆమెకు అదో పని అయింది. ఒక్క నియమం పెట్టుకుంది. చూడకుండా చెప్పకూడదు. "ఉండున్రి, చూసొస్త" అని మెట్లెక్కేది. కొన్నాళ్ళకు కూతను బట్టి ఏ ఇంజనో చెప్పగలిగేది, అయినా ఎక్కి చూసేది. కొందరు స్టేషన్ వాళ్ళ కంటే ఈమే నయమని తెలిసే తప్పు నంబరు తిప్పేవాళ్ళని మేడ మీది వెంకటరత్నమ్మ అనుమానం.

వెంకటరత్నమ్మది తెనాలి. కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక ఆఫీసుతోపాటు కర్నూలు నుంచి కదిలివచ్చిన గుమస్తా గారి భార్య. మేడ మీద వాటాలో కిరాయికి ఉండేది. "మీరు చక్కెర అంటే మాకు పంచదారండీ, మీరు జల్ది అంటే మాకు గబగబా" అని లెక్క చెప్పేది. "మరి నోట్ల ఏస్కుంటే ఒక్క తీరుగనే ఉంటది గద వదినె" అనేది వసుమతి.

1963 వానాకాలంలో ప్రహ్లాద్‌కు ఓపిక నశించింది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఎవరో "ప్లాట్‌ఫారం నంబరెంత?" అని అడిగారు. "బస్, అయిపోయింది! సోమవారం అర్జీ ఇస్త. నంబరే మార్పిస్త" అన్నాడు.

వసుమతి జారిన లేసు గుడ్డను ఫోను మీద సర్దింది. ఆయన ఫోను, ఆయన అర్జీ. ఆ మాట అన్నది గురువారం.

శుక్రవారం ఆమె మిద్దె మీద బట్టలు ఆరేసి దిగేసరికి గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఆ వెంటనే ఫోను మోగింది.

"హలో, స్టేషనాండీ? బెల్లంపల్లి బండి వెళ్ళిపోయిందాండీ?" కుర్ర గొంతు, రొప్పుతోంది. వెనకనుంచి టంగుటంగుమని గడియారాల మోత. ఒకటి ఆగితే ఇంకొకటి, అది ఆగకముందే మరొకటి.

పదకొండున్నరకు పోవలసిన బండి. రాత్రి వానకు పట్టాల మీద నీళ్ళొచ్చి కదల్లేదు. ఇప్పుడే కళ్ళారా చూసి దిగింది గనుక మళ్ళీ ఎక్కకుండానే, "పోలే" అంది.

అటువైపు బరువైనదేదో దబ్బున కింద పడింది. తర్వాత, "పోలే అంటారేంటండీ! రేపు పొద్దున ఎనిమిదింటికి చేరకపోతే ఉద్యోగం ఇంకొకడికి ఇచ్చేస్తారు. మళ్ళీ రేపు మధ్యాహ్నం దాకా బండి లేదు!"

"అగో! పోలే అంటున్న గద నాయనా!"

"మీదేం పోయిందండీ, పోలే అంటారు" అన్నాడు ఏడుపు గొంతుతో. ఠక్కున పెట్టేశాడు.

వసుమతి రిసీవర్ వంక చూసింది. బండి ఉందంటే సంతోషపడాల్సింది పోయి ఏడుస్తాడేంది?

వెంకటరత్నమ్మ గిన్నె పట్టుకుని దిగివచ్చింది. "కాస్త పంచదార ఉంటే పెట్టండి వదినగారూ."

"గదట్లుంచున్రి. బండి పోయిందా అని ఎవరో అడిగిండు. పోలే అన్న. నా మీదనే గరమైండు."

వెంకటరత్నమ్మ ముందు పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో రాత! మా వైపు పోలే అంటే, పోనీలే, పోతే పోయిందిలే అని అర్థమండీ. బండి పోయింది, ఊరుకో నాయనా అని మీరు ఓదారుస్తున్నారనుకున్నాడు!"

వసుమతి మళ్ళీ రిసీవర్ ఎత్తి చూసింది. బండేమో అక్కడే ఉంది. ఆ పిల్లవాడికి ఉద్యోగం పోయేది బండి వల్ల కాదు, తన నోట్లోంచి వచ్చిన ఒక్క మాట వల్ల. తిరిగి చెప్దామంటే ఎవరో తెలియదు, ఎక్కడినుంచి చేశాడో తెలియదు. ఫోను అవతలి మనిషి గొంతును తెస్తుంది గాని ఊరూ పేరూ తేదు.

"ఏమన్నా ఆనవాలు చెప్పాడా?" అంది వెంకటరత్నమ్మ.

"ఆయన చెప్పలే. గడియారాలు చెప్పినయ్" అంది వసుమతి నెమ్మదిగా. అన్ని గడియారాలు ఒక్కచోట, ఒకదానికొకటి పొంతన లేకుండా పన్నెండు కొట్టే చోటు ఎక్కడుంటుంది? బాగుచేసే దుకాణంలో. తమ గోడ గడియారాన్ని రెండుసార్లు అట్లాంటి దుకాణానికే ఇచ్చారు. గన్‌ఫౌండ్రీలో శ్యామ్‌సుందర్ దగ్గర. లోలకం ముందరి అద్దం మీద ఆయన తన పేరూ నంబరూ ఆకుపచ్చ రంగుతో రాసుకున్నాడు.

"మీరు మిద్దె ఎక్కున్రి వదినె. సిగ్నల్ చెయ్యి కిందికి వంగితే నాకు చెప్పున్రి."

"ఫోనుకు తాళం ఉందిగా!"

"మీరు ఎక్కున్రి!"

వసుమతి గడియారం వైపు చూస్తూ మీట నొక్కడం మొదలుపెట్టింది. ఒక్కో అంకెకు అన్నిసార్లు నొక్కి వదలడం, ఊపిరి పీల్చినంతసేపు ఆగడం, మళ్ళీ నొక్కడం. ఎక్కడో తొందరపడింది.

"హలో, కిస్‌కో హోనా? ఎవరు గావాలె?" అంది ఒక మగ గొంతు.

"గడియారాల దుకాణమా?"

"రాంగ్ నంబర్!" ఠక్కున పెట్టేశాడు.

ఆ మాట ఆమె ఎంతమందికి చెప్పిందో. తనకు ఒకరు చెప్పడం అదే మొదలు.

"చెయ్యి వంగిందా వదినె?"

"లేదండీ! కానీ ఇంజను పొగ వదులుతోంది!"

ఈసారి కుంపటి మీద పప్పు ఉడికించినంత నిదానంగా నొక్కింది. ఒక అంకె, ఆగు. ఇంకో అంకె, ఆగు. అటువైపు గంట మోగింది. ఎత్తగానే వెనకనుంచి టిక్కుటిక్కుమని వంద చప్పుళ్ళు.

"శ్యామ్‌సుందర్ అన్నా! నాంపల్లి ప్రహ్లాద్ ఇంట్లకెంచి. నీ దుకాణంల ఎవరన్న పిలగాడు ఫోన్ చేసిండా, బెల్లంపల్లి బండికి?"

"ఔ చెల్లె. గీడనే మెట్ల మీద బెడ్డింగు పట్టుకొని కూసున్నడు. చేతి గడియారం బాగుకిచ్చి దానికోసమొచ్చిండు, గీడ కొట్టేది పన్నెండని చూసి పరేషానైండు. చాయ్ తాగురా అంటే తాగడు."

"పిలువు, జల్ది!"

వరప్రసాద్ అనే ఆ పిల్లవాడు వచ్చి నీరసంగా హలో అన్నాడు.

"నాయనా, బండి పోలే!"

"మళ్ళీ అదే మాటా అండీ..."

వసుమతి నాలుక కరుచుకుంది. పుట్టినప్పటినుంచి ఆ నోటికి తెలిసిన మాట అదొక్కటే. రెండో మాట తెలిసిన మనిషేమో మిద్దె మీద ఉంది. ఆమె అనే మాటలు ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంది. వస్తారా, వెళ్తారా, వెళ్ళొస్తానండీ...

"వెళ్ళ... వెళ్ళలేదు! వెళ్ళలేదు నాయనా! నిలబడ్డది! ఉరుకు!"

అటువైపు రిసీవర్ బల్ల మీద పడిన చప్పుడు, తర్వాత శ్యామ్‌సుందర్ గొంతు: "అరె, గడియారం! గడియారం తీస్కపో బే!" ఆపైన గడియారాల చప్పుడు ఒక్కటే.

వసుమతి మిద్దెకు పరుగెత్తింది. వెంకటరత్నమ్మ పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది. గన్‌ఫౌండ్రీ నుంచి ఆబిడ్స్ చౌరస్తా మీదుగా రిక్షా రావాలి. చౌరస్తాలో పోలీసు చెయ్యి ఎత్తకుండా ఉంటే చాలు. సిగ్నల్ చెయ్యి టక్కున కిందికి వంగింది. కూత వేసి, డబ్బాలు ఒకదానికొకటి తగులుకుంటూ, బెల్లంపల్లి బండి కదిలింది.

"ఎక్కుంటాడంటారా?" అంది వెంకటరత్నమ్మ.

వసుమతి చూడనిది చెప్పదు గదా! బండి కనుమరుగయ్యేదాకా చూసి, తీగ మీది తడిబట్టలు సర్ది దిగివచ్చింది. ఆ పూట పప్పులో ఉప్పు మరిచింది. మర్నాడు రెండుసార్లు వేసింది.

ఆదివారం ప్రహ్లాద్ ఇంట్లోనే ఉన్నాడు. నంబరు మార్చమని అర్జీ రాసి, బేగంబజార్ ధోరణిలో దాన్ని భార్యకు పైకి చదివి వినిపిస్తున్నాడు. ఫోను గట్టిగా, ఆపకుండా మోగింది. దూరపు ఊళ్ళనుంచి వచ్చే ట్రంకాల్ మోత.

"హలో... ఆఁ? బెల్లంపల్లా? ఎవరికి? పోలేమ్మకా? గీడ పోలేమ్మ, పోశమ్మ ఎవ్వరు లేరు. రాంగ్ నం..."

వసుమతి ఆయన చేతిలోంచి రిసీవర్ లాక్కుంది. పెళ్ళయినప్పటినుంచి ఆయన చేతిలోది ఏదీ లాక్కోలేదు. "ఉన్న! పోలేమ్మను నేనే!"

"అమ్మా, నేనండీ, వరప్రసాద్‌ని!" లైను గరగరలాడుతోంది. "గడియారాలాయన నా గడియారం చుట్టిన కాగితం మీద మీ నంబరైతే రాసిచ్చాడు గానీ, మీ పేరు అడిగే తీరికెక్కడిదండీ. అందుకే ఆపరేటరుకు ఆ పేరు చెప్పాను!"

"బండి ఎక్కినవా?"

"ముందు బెడ్డింగు ఎక్కిందండీ, వెనకాల నేను!"

"మరి ఉద్యోగం?"

అటువైపు నవ్వు వినిపించింది. "పోలే అమ్మా! ఉద్యోగం పోలే!"

వసుమతి ఇంకేదో అనబోయింది. ఆపరేటరు మూడు నిమిషాలయిందన్నాడు. లైను కట్టయింది. మేడ మెట్ల మీద వింటూ నిలబడిన వెంకటరత్నమ్మ చప్పట్లు కొట్టింది.

ప్రహ్లాద్ అర్జీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆడవాళ్ళిద్దరూ జరిగిందంతా చెప్పారు. ఆయన ఫోను దగ్గరికి పోయి తాళం లాగి చూశాడు. గట్టిగానే ఉంది.

"తాళం ఉండంగ గన్‌ఫౌండ్రీకి ఎట్ల చేసినవే?"

"మీరు తాళమేసింది చక్రానికి" అంది వసుమతి, బియ్యం చేట ముందుకు లాక్కుంటూ.

ఆయన ఇంకా ఏదో అడిగేలోపు ఫోను మళ్ళీ మోగింది. ప్రహ్లాదే ఎత్తాడు. అలవాటుగా రొమ్ము నిండా గాలి పీల్చుకున్నాడు. అవతలివాళ్ళు అడిగింది విన్నాడు. భార్య వైపు చూశాడు. అర్జీని మడిచి ఫోను అడుగున దోపాడు.

"జర ఉండున్రి" అన్నాడు. "మిద్దె ఎక్కుతున్నది. చూసొచ్చి చెప్తది."