గెలాక్సీ ఉందని ఎస్టీడీ బూత్‌లో అరిచిన రోజు

2005 డిసెంబరు. కాఫీ పళ్లు కోసే రోజులని సెలవు పెట్టి అరకు దగ్గర మా ఊరికి బయల్దేరాను. అప్పుడు ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని క్వాజార్లతో. గెలాక్సీ నడుమ ఉన్న భారీ బ్లాక్‌హోల్ తన చుట్టూ ఉన్న వాయువును మింగుతుంటే పుట్టే భయంకరమైన వెలుగే క్వాజార్. ఎదురుగా జీపు హెడ్‌లైట్లు వేసుకొస్తుంటే లోపల ఎవరున్నారో తెలియనట్టే, ఆ వెలుగులో గెలాక్సీ కనబడదు.

అందుకే ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తాం. కంటికి అందని ఆ కాంతిలో గెలాక్సీలోని ముసలి నక్షత్రాలు బాగా తెలుస్తాయి, క్వాజార్ జోరు కొంత తగ్గుతుంది. క్వాజార్ వెలుగు కూడా నక్షత్రంలాగే ఒక చుక్కగా పడుతుంది కాబట్టి, తర్వాత దాని బొమ్మలోంచి పక్కనున్న మామూలు నక్షత్రం బొమ్మను తీసేస్తాం. దీన్ని సబ్‌ట్రాక్షన్ అంటాం. మిగిలిన మసకే గెలాక్సీ. నక్షత్రం బొమ్మ సరైనది కాకపోతే గెలాక్సీ కూడా కొట్టుకుపోతుంది.

మేం చూస్తున్న ఒక క్వాజార్ విషయంలో మా గైడ్ గారు ఆ తప్పే చేశారు. వేరే రాత్రి తీసిన, గాలి నిలకడగా లేక అలుక్కుపోయిన నక్షత్రం బొమ్మను వాడారు. ఏమీ మిగల్లేదు కాబట్టి దాని బ్లాక్‌హోల్‌కి గెలాక్సీయే లేదని పేపరు రాసేశారు. మొదటి పేరు నాది. నా థీసిస్‌కి అదే ఆధారం. డ్రాఫ్టును కిరండూల్ ప్యాసింజర్ రైల్లో చదువుతూ వచ్చాను. ఒక్కో సొరంగం దాటేకొద్దీ కోపం పెరిగింది.

సంత రోజున అరకులోని ఎస్టీడీ బూత్ నుంచి ఆయనకు ఫోన్ చేశాను.

"సార్, అదే రాత్రి తీసిన నక్షత్రంతో నేను ఇదివరకే చేసి చూశాను. గెలాక్సీ ఉంది."

"అది నాయిస్ అమ్మా, ఉత్త మచ్చలు. గెలాక్సీ లేని క్వాజార్ అంటే ప్రపంచమంతా మాట్లాడుకుంటుంది. మొండికెయ్యకు."

"ఉన్నదాన్ని లేదని నేను రాయను సార్. కావాలంటే నా పేరు తీసెయ్యండి."

"తీసేస్తే నీ థీసిస్ ఏమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించే ఫోన్ చేశాను."

లైను బాగాలేక అరిచే మాట్లాడాను. బయట వంతు కోసం నిలబడ్డవాళ్లంతా నోరెళ్లబెట్టి విన్నారు. వాళ్లలో ముందున్నది మా అయ్య.

"ఏటే అమ్మీ, పెద్దోరితో అలగేనా మాటాడ్డం? సదువు సాగనిత్తారేటి?"

"పోతే పోనీ అయ్యా. కాఫీ పళ్లు కోసుకుంటాను."

"నిన్న సూసేను కదా, పచ్చికాయలు కూడా దూసేసినావు. నీకు కూలెవుడిత్తాడు?"

నవ్వాను గానీ కన్నీళ్లు ఆగలేదు. అయ్య అడిగాడు: "ఇంతకీ నువ్వన్నది ఉందా, నేదా?"

"ఉందయ్యా."

"అయితే ఉందనే అను. పద."

పేపరు నా పేరు లేకుండానే వచ్చింది. గైడ్ మారాల్సొచ్చింది, థీసిస్ వెనకబడింది. టెలిస్కోప్ సమయం కోసం నా పేరు మీదే దరఖాస్తు పెట్టాను. కాదన్నారు, మళ్లీ పెట్టాను. దొరికినప్పుడు ఒకే రాత్రి, క్వాజార్ బొమ్మ తియ్యడానికి ముందూ తర్వాతా నక్షత్రం బొమ్మ తీశాను. సబ్‌ట్రాక్షన్ అయ్యాక స్క్రీన్ మీద ఒక పక్కకి ఒరిగిన చిన్న గెలాక్సీ మిగిలింది. మిగలక ఎక్కడికి పోతుంది!

కనబడలేదు అని ఎవరైనా అనొచ్చు. లేదు అనాలంటే అంతకు ఎన్నో రెట్లు చాకిరీ చెయ్యాలి. అది చెయ్యకుండా లేదు అనేవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా కానివ్వండి, ఆ కాగితం మీద నా సంతకం మాత్రం దొరకదు.