మా తోడికోడలు చుట్టిన పొత్తిగుడ్డ

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే మా బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క ఇక లేదమ్మా," అన్నారు. అక్క అంటే మా తోడికోడలు. ఆవిడ మంచితనం గురించి సమాధి దగ్గర పాస్టరుగారు చాలాసేపు చెప్పారు. అన్నీ నిజాలే. ఆయన చెప్పనిది ఒకటుంది. నా కూతురు పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడంటే నాకు అసూయ. మనిషి పోయినా అది పోలేదు.

మా అమ్మ లేకపోవడంతో నాకు పురుడు అత్తగారింట్లోనే పోశారు. అద్దంకి పక్కన ఊరు మాది. బిడ్డకు రెండో నెల వచ్చేసరికి మిరప కోతలు మొదలయ్యాయి. కళ్లంలో రంగు వెలిసిన తాలుకాయలు ఏరడానికి ఇంట్లో ఆడవాళ్లందరం కూర్చోవాల్సిందే. మిరపకాయలు ముట్టుకున్న చేతులు ఎంత కడిగినా మంట పోదు. అందుకని పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక మనిషి ఆ కాయల జోలికి పోకుండా ఉండాలి. ఆ ఏడు ఆ మనిషి మా తోడికోడలు.

"నువ్వు వెళ్లవే, బిడ్డను నేను చూసుకుంటాగా," అంది. అందరూ ఆహా అన్నారు. నేను ఎండలో కాయలు ఏరుతుంటే, ఆవిడ వేపచెట్టు నీడలో నా బిడ్డతో కబుర్లాడేది. పాలివ్వడానికి వస్తే, "చేతులు వెనక పెట్టుకో," అనేది. తడిగుడ్డతో నా రొమ్ము తనే తుడిచి, బిడ్డను తనే పట్టుకుని నోటికందించేది. పాలు నావి, పట్టుకున్న చేతులు ఆవిడవి.

పొత్తిగుడ్డ చుట్టడంలో ఆవిడను మించినవాళ్లు లేరు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె ముక్క పరిచి, బిడ్డను భుజాల దాకా దానిమీద ఉంచి, చేతులు రెండూ సర్ది చుట్టేది. మూతి మీదికి గుడ్డ రానిచ్చేది కాదు. ఛాతీ దగ్గర తన అరచెయ్యి దూర్చి చూసుకుని, "ఊపిరాడాలి కదా నా తల్లికి," అనేది. నా తల్లికట!

ఒకసారి చేతులు శుభ్రంగా ఉన్న రోజు చూసి నేనే చుట్టాను. కాళ్లు చాపి బిగించి కట్టాను. బిడ్డ ఏడుపందుకుంది. ఆవిడ వచ్చి విప్పేసింది.

"కాళ్లు కట్టెయ్యకే. ముడుచుకోనీ, తన్నుకోనీ. తుంటి పాడవుద్ది."

"నా బిడ్డ గురించి నాకు తెలవదా అక్కా?"

"తెలుసులేవే. బోర్లా పడబోతుంటే మాత్రం ఇక ఈ గుడ్డ చుట్టకు. అప్పటిదాకా వెల్లకిలాగానే పడుకోబెట్టు."

ఆవిడ చేతిలో పడగానే ఏడుపు ఆపేసింది నా కూతురు. దాన్ని కూడా క్షమించలేదు నేను.

పెద్దయ్యాకా అంతే. పరీక్ష పాసైతే ముందు పెద్దమ్మకే చెప్పేది. నెల తప్పిందన్న మాట కూడా నాకంటే ముందు ఆవిడకే తెలిసింది. "మీ అమ్మతో చెప్పావటే?" అని కోప్పడి మరీ ఆవిడే ఫోన్ చేయించింది. అదీ నాకు నచ్చలేదు. నా కూతురి మాట వినడానికి ఆవిడ సిఫార్సా?

ఇప్పుడు నా కూతురు నెల బిడ్డతో మా ఇంట్లోనే ఉంది. పెద్దమ్మ శవాన్ని పట్టుకుని అది ఏడ్చిన ఏడుపు చూస్తే, నేను పోతే ఇంత ఏడుస్తుందా అనిపించింది.

సమాధి కార్యక్రమం అయ్యి ఇంటికొచ్చాక పాప గుక్కపెట్టింది. నా కూతురు గుడ్డ పరిచి, చకచకా చుట్టి, ఛాతీ దగ్గర అరచెయ్యి దూర్చి చూసుకుంది. పాప ఊరుకుంది. నా ఒళ్లో పెట్టింది.

కాసేపటికి, "నిద్రపోయింది, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టమ్మా. పెద్దమ్మ చూస్తే తిడుద్ది," అంది.

"పెద్దమ్మ లేదుగా ఇప్పుడు," అన్నాను.

ఇక నాతో పోటీకి ఎవరూ లేరని అప్పుడే తెలిసింది. పాపను పడుకోబెట్టి కూర్చున్నాను. నా కూతురు వచ్చి నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తున్నది ఆవిడ కోసమే. తల మాత్రం నా భుజం మీదే ఉంది.