రాళ్లగడ్డ అడవికి నేనిచ్చిన డెత్ సర్టిఫికెట్

బిక్షం గురించి చెప్పాలంటే ముందు నా అబద్ధాల గురించి చెప్పాలి. అవే లేకపోతే మేమిద్దరం కలిసేవాళ్లమే కాదు.

నేను అటవీశాఖలో ముప్పైమూడేళ్లు పనిచేశాను. ఈ మాట నిజం. కాకపోతే చేసింది అడవిలో కాదు, ఆఫీసులో, ఫ్యాను కింద. డ్రాయింగ్ బ్రాంచిలో మ్యాపులు గీసేవాణ్ని. టేకు అడవికి ముదురాకుపచ్చ, చిట్టడవికి లేతాకుపచ్చ, రాళ్లగుట్టకు గోధుమరంగు. చిన్నప్పుడు విశాఖపట్నం కాన్వెంటులో సిస్టర్ డోరా వేళ్ల మీద స్కేలుతో కొట్టి నేర్పిన చేతిరాత నాది. ఆ అక్షరాల్లో ఏం రాసినా నిజంలాగే కనిపించేది. పెద్ద ఆఫీసర్లు సైతం అక్షరాలు చూసి సంతకం పెట్టేవాళ్లు గాని, అందులో ఏముందో చదివేవాళ్లు కాదు.

రిటైరయ్యాక సాయంత్రాలు మారేడ్‌పల్లిలో మా ఇంటి దగ్గరి ఇరానీ హోటల్లో కూర్చుని అడవి కథలు చెప్పేవాణ్ని. నల్లమలలో ఒక రాత్రంతా నేనూ ఒక పులీ ఒకే సీతాఫలం చెట్టు మీద గడిపామనీ, అది కింది కొమ్మన, నేను పై కొమ్మన పడుకున్నామనీ, తెల్లారాక ఒకరి మొహాలొకరు చూసుకుని మర్యాదగా చెరోవైపు దిగిపోయామనీ చెప్పాను. సీతాఫలం కొమ్మ పిల్లి ఎక్కినా వంగుతుందని నాకు తెలియదు. వినేవాళ్లకూ తెలియదు కాబట్టి కథ మూడేళ్లు నడిచింది.

విన్నవాళ్లలో మా మేడ మీద అద్దెకుండే భానుప్రకాశ్ ఒకడు. అది 2001. చదువుకున్న పిల్లలంతా అమీర్‌పేటకు బస్సెక్కి జావా నేర్చుకుంటున్న రోజులు. మా వీధి చివర కిరాణా కొట్టు కూడా ఇంటర్నెట్ కేఫ్ అయిపోయింది. భానుప్రకాశ్ కంప్యూటర్లో మ్యాపులు గీసే కన్సల్టెన్సీ పెట్టాడు. నేను ముప్పైమూడేళ్లలో గీసినవన్నీ అతని మెషీను మూడు రోజుల్లో గీసేస్తుందట. ఈ మాట అతను నన్ను సంతోషపెట్టడానికే చెప్పాడు.

ఏ.ఎస్. రావు నగర్ దాటి కొంతదూరం పోతే రాళ్లగడ్డ అనే చిన్న అడవి ఉంది. దాన్ని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అడుగుతోంది. అడవి భూమిని ఇంకో పనికి ఇవ్వాలంటే ముందు అందులోని ప్రతి చెట్టునూ లెక్కపెట్టాలి. పేరు, చుట్టుకొలత, బతికుందా చచ్చిందా, అన్నీ రాయాలి. కంపెనీ ఆ పని భానుప్రకాశ్‌కు అప్పగించింది గాని, దాన్ని కంప్యూటర్ చేయలేదు.

"అంకుల్, పులితో చెట్టు పంచుకున్న మనిషి మీరు. మీకిదో లెక్కా?" అన్నాడు భానుప్రకాశ్.

పులి పరువు కోసం ఒప్పుకున్నాను.

రాళ్లగడ్డకు వాచర్ బిక్షం. నలభై ఎనిమిదేళ్లుంటాయి. పొట్టి మనిషి. పైన ఖాకీ చొక్కా, కింద గళ్ల లుంగీ. చొక్కా ఇచ్చిన శాఖ ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు, ఇరవై ఆరేళ్లుగా దినకూలీ వాచరే. తండ్రి ఆ గుట్ట పక్కనే రాళ్లు కొట్టేవాడు. రాళ్లతో పాటు చెట్లూ పోతున్నాయని ఒక రేంజర్ వచ్చి, కాపలా కాస్తావా అని బిక్షాన్ని అడిగితే, కాస్తానన్నాడట. అప్పటినుంచి ఆ గుట్ట మీదే ఉన్నాడు. కట్టెల కోసం వచ్చినవాళ్లతో కొట్లాడడు. "గా చెట్టు ముట్టకు, గీడ ఎండుకొమ్మ పడ్డది, తీస్కపో" అని తనే చూపిస్తాడు. అడవిలో బీడీ ముట్టించడు. పొద్దున చెవి మీద పెట్టుకున్న బీడీని సాయంత్రం రోడ్డెక్కేదాకా మోస్తాడు. ఆ గుట్ట మీద ఏ చెట్టు ఏ సంవత్సరం పిడుగుకు చీలిందో, దేని తొర్రలో గుడ్లగూబ ఉందో చెబుతాడు గాని, తన పెళ్లి ఏ సంవత్సరమైందంటే మాత్రం భార్య కమలాబాయిని అడగమంటాడు.

అతనికీ పులి కథ చెప్పాను.

"సీతాఫలమా సారూ?" అని ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. మర్యాదస్తుడు.

పదకొండు రోజులు లెక్కపెట్టాం. బిక్షం ముందు నడిచి చెట్టుకు టేపు చుట్టి పేరూ కొలతా చెప్పేవాడు, నేను రాసేవాణ్ని. తర్వాత మొదలు మీద ఎర్ర జేగురుతో నెంబరు వేసేవాడు. టేపు నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టాలి. దాన్ని ఛాతీ ఎత్తు అంటారు. బిక్షానికి అది గడ్డం ఎత్తు. అయినా ఒక్క చెట్టు దగ్గరా వేలెడు కిందికి జారనివ్వలేదు.

పట్టీలో చివరి గడి 'స్థితి'. దాన్ని నేనే నింపాను. బిక్షాన్ని అడగలేదు. కళ్లున్నవాడికి అడగాల్సిన పనేముంది? అతనికి చదువు రాదు కాబట్టి నేనేం రాస్తున్నానో అతనికీ తెలియలేదు.

అది మార్చి నెల. మోదుగ పూసి ఉంది, బతికింది. వేప పచ్చగా ఉంది, బతికింది. టేకు, అందుగు, తెల్లపొణికి ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి. చచ్చింది, చచ్చింది, చచ్చింది. ముప్పైమూడేళ్లు అడవికి పచ్చరంగు వేసిన చెయ్యి నాది. అడవి ఏడాది పొడుగునా ఆ రంగులోనే ఉంటుందనుకున్నాను.

మొత్తం 2,740 చెట్లు. చచ్చినవి 2,316. ఒక అడవికి అంత్యక్రియలు ఇంత అందమైన అక్షరాల్లో ఇంకెవరూ చేసి ఉండరు.

శుక్రవారం రిపోర్టు అటవీ ఆఫీసులో ఇవ్వాలి. బుధవారం సాయంత్రం బిక్షం మా ఇంటికి వచ్చాడు. రావడం అదే మొదటిసారి. మా ఆవిడ లోవలక్ష్మి టీ ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

"నిన్న భానుప్రకాశ్ సారు గుట్టకాడికి వచ్చిండు. ఇంకో రెండు నెలలకు ఈడ అడవే ఉండదన్నడు. చెట్లన్నీ సచ్చినయని మీరే రాసిన్రట, సచ్చిన అడవని కంపెనీకి ఇచ్చేస్తరట."

"అన్నీ కాదు బిక్షం. నాలుగువందల ఇరవై నాలుగు బతికే ఉన్నాయి," అన్నాను.

అతను నవ్వలేదు. "రేపు పొద్దుగాల జెర రాండ్రి సారూ. ఒక్క గంట."

మర్నాడు నన్ను ఒకటో నెంబరు టేకు దగ్గర నిలబెట్టి, బొటనవేలి గోరుతో బెరడు గీకాడు. లోపల లేతపచ్చగా, తడిగా ఉంది. రెండో చెట్టు గీకాడు. అదీ పచ్చనే. నలభై చెట్లు గీకించాను. ఒక్కటైనా చచ్చి నా పరువు కాపాడుతుందేమోనని ఆశ.

"ఎండలు ముదిరితే నీళ్లు సాలవు గదా సారూ. ఆకులు రాల్చి పండుకుంటయ్. వాన పడంగనే లేస్తయ్," అన్నాడు బిక్షం. "మీరు సుత మద్యాన్నం పండుకుంటరు గదా. మేడమ్ మీరు సచ్చిన్రని ఎవ్వరికన్న జెప్తదా?"

"రాతలో పొరపాటని చెబుదాం," అన్నాను.

"రెండువేల చెట్లకా సారూ?"

ఇక మిగిలింది నిజం. తప్పు ఒప్పుకోవాలంటే నాకు అడవి తెలియదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే హోటల్లో నా కుర్చీ పోతుంది. ఒప్పుకోకపోతే అడవి పోతుంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, రెంటినీ బేరీజు వేయడానికి నాకు ఒక పూట పట్టింది.

ముందు భానుప్రకాశ్‌ను అడిగాను. "ఇప్పుడు కదిలించకండి అంకుల్. కంపెనీ వాళ్లు మీ ఎక్స్‌పీరియన్స్ చూసే ఓకే అన్నారు. మీ సంతకం ఉన్నాక ఆఫీసులో ఎవరూ వెళ్లి చెట్లు చూడరు," అని ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యమే నన్ను భయపెట్టింది.

ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని లోవలక్ష్మి కారణం అడిగింది. చెప్పాను.

"ఆ పులి కథ నేనెప్పుడైనా నమ్మేనా?" అంది.

"నమ్మలేదా?"

"పెరట్లో తొండ కనపడితే నన్ను పిలిచే మనిషి మీరు. నమ్మకుండానే ముప్పైఐదేళ్లు కాపురం చేశాను కదండీ. ఆఫీసులో వాళ్లు నమ్మకపోతే మీకొచ్చిన నష్టమేంటి? పెరుగు వేసుకోండి."

శుక్రవారం రిపోర్టు పైన ఒక కాగితం కుట్టి తీసుకెళ్లాను. "ఈ లెక్కలో పేర్లూ కొలతలూ వాచర్ బిక్షం చెప్పినవి, అవి సరైనవి. స్థితి నేను రాశాను, అది తప్పు. నేను ఉద్యోగ జీవితంలో ఏ అడవిలోనూ పనిచేయలేదు. బతికున్న చెట్టుకూ చచ్చిన చెట్టుకూ తేడా నాకు తెలియదు. కె. కామరాజు, రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్." ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడు. నా అక్షరాలు చదివిన మొదటి ఆఫీసరు ఆయనే.

"మరి పులి సంగతో?" అన్నాడు. కథ అక్కడిదాకా వెళ్లిందన్నమాట.

"లేదండీ."

"సీతాఫలం చెట్టు?"

"మన కాంపౌండులో ఒకటుండేది కదండీ. కిటికీలోంచి చూశాను."

పక్క టేబుళ్ల వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. ఆయన రిపోర్టు వెనక్కి పంపించేశాడు. వానలు పడ్డాక మళ్లీ లెక్కించాలనీ, స్థితి వాచరే చెప్పాలనీ, ప్రతి పేజీ మీద అతని వేలిముద్ర ఉండాలనీ ఆర్డరు రాశాడు. అన్నాళ్లు ఆగలేక కంపెనీ ఊరికి ఇంకోవైపు స్థలం చూసుకుంది. భానుప్రకాశ్ నాతో నెలరోజులు మాట్లాడలేదు. హోటల్లో నా కుర్చీ పోలేదు గాని, నేను కూర్చోగానే ఎవరో ఒకరు సీతాఫలాల ధర అడిగేవారు. బిక్షం మాత్రం దినకూలీ వాచర్‌గానే ఉన్నాడు, ఆ గుట్ట మీదే ఉన్నాడు.

కంపెనీ పోయినా ఆర్డరు ఆర్డరే కాబట్టి, జూలైలో లెక్క మళ్లీ షురూ చేశాం. టేకాకులు నా మొహమంత ఉన్నాయి. ఈసారి చివరి గడి దగ్గర కలం ఆపి బిక్షం వైపు చూసేవాణ్ని. "బతికింది" అనేవాడు. రాసేవాణ్ని.

1,182వ నెంబరు తెల్లపొణికి దగ్గర అతను ఆగిపోయాడు. మూడు చోట్ల గీకాడు. వంగి వేరు దగ్గర గీకాడు. చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఇది నిజంగనే సచ్చింది సారూ. రాయుండ్రి."

నా చెయ్యి కదల్లేదు. "ఇంకో చోట గీకి చూడు," అన్నాను.

"మస్తు చూసిన సారూ."

"వచ్చే వారం మళ్లీ వచ్చి చూద్దాం బిక్షం."

బిక్షం నన్ను కాసేపు చూశాడు. టేపు చుట్టుకుంటూ పక్క చెట్టు వైపు నడిచాడు. ఆ గడి ఖాళీగా వదిలి నేనూ అతని వెనకాలే వెళ్లాను.