చెప్పుల డ్యూటీ

ఆ రోజుల్లో నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఒమాన్‌లోని ఇబ్రా ఊళ్ళో మా శుక్రవారం ప్రార్థన ఎందుకు ఆగిపోయిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళూ తెలియనట్టే ఉన్నాను. ఇప్పటికీ ఆనాటి మనవాళ్ళు ఏ పెళ్ళిలోనో కలిస్తే గంట మావయ్య గొంతే మన కొంప ముంచిందని చెప్పుకుని నవ్వుతారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను, ఒకసారి కాదు, చాలాసార్లు. అందుకని అసలు సంగతి ముందే చెప్పేస్తున్నాను. ముంచింది ఆయన గొంతు కాదు, నేను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఒక కంపెనీ సైట్‌లో స్టోర్‌కీపర్ని, అంటే సిమెంటు బస్తాలకూ ఇనప చువ్వలకూ కాపలా. రూమ్‌లో మిగతా ఏడుగురూ కరీంనగర్ వైపు మేస్త్రీలు. మంచివాళ్ళే, కానీ వాళ్ళ కబుర్లన్నీ వాళ్ళ ఊళ్ళవి, నేను మధ్యలో దూరలేను. వారమంతా డ్యూటీ మనిషిని మోసుకుపోతుంది, సెలవురోజు శుక్రవారం వచ్చేసరికి దింపేసి వెళ్ళిపోతుంది. పొద్దున్నే బట్టలు ఉతికి ఆరేశాక (అక్కడి ఎండకు చివరి చొక్కా తీగమీద వేసేలోపు మొదటిది ఆరిపోయేది) ఇక చెయ్యడానికేమీ ఉండదు. అమ్మ ఉత్తరం నాలుగోసారి చదువుకోవడం, గోడవైపు తిరిగి పడుకోవడం. అలాంటప్పుడు కాలిమీద చువ్వ పడి ఆసుపత్రికి వెళితే, కుట్లు వేసిన నర్సు నా యాస విని మీదేవూరని అడిగింది. ఊరి పేరు చెప్పగానే నాకు ఏడుపొచ్చింది. కుట్ల నొప్పి అనుకుని ఆవిడ ఇంకో మాత్ర ఇచ్చింది. తర్వాత సంగతి గ్రహించి, శుక్రవారం మా ఇంటికి రా తమ్ముడూ, చిన్న ప్రార్థన ఉంటుంది అంది. ఆమే మా నర్సక్క.

ప్రార్థనకు సర్కారు ఒప్పుకున్న స్థలం మస్కట్‌లో ఉండేది. మాకు బండి లేదు, వెళ్ళి రావడానికి రోజు చాలదు. ఇళ్ళల్లో పదిమంది చేరి ఆరాధన చేసుకోవడం అక్కడ కుదరదు, తెలిస్తే ఉద్యోగాలు పోయినా పోవచ్చు. అందుకని బావగారు (నర్సక్క భర్త, ఏసీ మెకానిక్, ఏ పనైనా నట్లు బిగించినట్టు చేసే మనిషి) కొన్ని పద్ధతులు పెట్టారు. ఇద్దరిద్దరే రావాలి, జంటకూ జంటకూ మధ్య పది నిమిషాలు. బైబిలు కూరగాయల సంచిలో, దానిమీద కొత్తిమీర కట్ట. (నా బైబిలు కీర్తనల దగ్గర ఇప్పటికీ పచ్చటి మరకలున్నాయి.) పాట గుసగుసగా సాగాలి. బల్లమీద ఎప్పుడూ ఒక కేకు సిద్ధంగా ఉండాలి, బెల్ మోగితే కొవ్వొత్తి వెలిగించి అది ఎవరిదో పుట్టినరోజు అయిపోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, గుమ్మం బయట ఒక్క చెప్పు కూడా కనబడకూడదు. వచ్చినవాళ్ళ చెప్పులు వెంటనే లోపలికి తెచ్చి, తలుపు వెనక నీలం ప్లాస్టిక్ టబ్బులో వెయ్యాలి. ఆ చెప్పుల డ్యూటీ నాది. తలుపు పక్కనే నాకో కుర్చీ. స్టోర్‌లో కూడా అంత హోదా లేదు నాకు.

ఆ కేకు ముక్కల్లో మిగిలినవి నర్సక్క పొట్లం కట్టి రూమ్‌కి పంపేది. నాలుగు శుక్రవారాలు ఊరుకుని, ఐదోసారి మా పెద్ద మేస్త్రీ క్రీము నాకుతూ, "ఏంది తమ్మీ, ప్రతి శుక్రారం పుట్టినదినమేనా? మీ దాంట్ల ఒక్కొక్కడు ఏడాదికి ఎన్నిసార్లు పుడ్తుండ్రా?" అన్నాడు. రూమంతా నవ్వింది. అంతటితో వదిలేశాడు, ఎవరికీ చెప్పలేదు కూడా.

ఇక గంట మావయ్య. మా క్యాంపు మెస్‌లో వంటమనిషి, భీమవరం దగ్గరాయన, యాభై దాటినా గొంతు మాత్రం గంటే. గుసగుసగా పాడటం ఆయనవల్ల అయ్యేది కాదు. మొదటి చరణం గుసగుస, రెండో చరణానికి కిటికీ అద్దాలు అదిరేవి. బావగారు కూర్చున్నచోటి నుంచే రేడియో తగ్గిస్తున్నట్టు వేళ్ళు తిప్పేవారు. మావయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. కాసేపటికి తువ్వాలు భుజంమీదికి వెళ్ళేది, పాట మళ్ళీ మేడ ఎక్కేది. నేను మాత్రం ఆ గొంతు కోసమే అక్కడికి వెళ్ళేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ శుక్రవారం క్రిస్మస్ దగ్గర్లోది. రెండ్రోజులుగా రాని నీళ్ళ ట్యాంకర్ ఆ పొద్దున్నే వచ్చిందని నర్సక్క టబ్బునిండా దుప్పట్లు నానబెట్టింది. పండగ దగ్గరపడిందని పంతొమ్మిదిమంది వచ్చారు. చెప్పులు ఎక్కడ పెట్టాలో తోచలేదు. కాసేపాగి స్నానాలగదిలోకి చేరుద్దాంలే అనుకుని, ఆఖరి జంట కూడా లోపలికొచ్చాక, కాళ్ళకు అడ్డం లేకుండా వాటిని బయట మెట్లమీద జతలు జతలుగా సర్దాను, మా ఊరి చర్చి వరండాలో అమ్మ సర్దినట్టే, మడమలన్నీ ఒకే గీతమీద ఉండేలా. విసిరేసినట్టు పడుంటే చూసినవాళ్ళు పట్టించుకునేవారు కాదేమో. నేను లెక్కపెట్టడానికి వీలుగా పేర్చాను. అప్పుడే లోపల మావయ్య పాట అందుకున్నాడు. అమ్మ కట్టెలపొయ్యి దగ్గర పాడుకునే పాట. ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. చెప్పులూ డ్యూటీ మర్చిపోయి లోపలికొచ్చి, కుర్చీ కూడా వదిలేసి, ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను.

బెల్ మోగింది. కొవ్వొత్తి కోసం లోపల కంగారు పడుతుంటే నేను లేచి తలుపు తీశాను. ఇంటి ఓనరు, ఊరి పెద్దమనిషి. చేతికర్ర కొసతో నా వరస మొదటినుంచి చివరిదాకా చూపించి, గల్ఫులో అందరం మాట్లాడుకునే ఆ కలగలుపు హిందీలో నెమ్మదిగా, "ఇదర్ కిత్నా నఫర్ హై?" అన్నాడు. ఇక్కడ ఎంతమంది ఉన్నారని. నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన జాగ్రత్తగా చెప్పులు తొక్కకుండా లోపలికి నడిచాడు, నేను తలుపు మూసేశాను. పుట్టినరోజు ఎవరిదని ఆయన అడిగితే ముగ్గురు ఒక్కసారే నాదే అన్నారు. ఓనరు ముగ్గురికీ శుభాకాంక్షలు చెప్పి, కేకు ముక్క తిని, బావగార్ని వంటింట్లోకి పిలిచి, బయటికి తెలిసిపోతోంది, ఇల్లు నాది కనక నన్నడుగుతారు, మీరంటే గౌరవం కాబట్టి నేనే వచ్చాను, ఇక వద్దు అని చెప్పి వెళ్ళిపోయాడు. తలుపు దాకా సాగనంపే మిషతో నేను బయటికెళ్ళి చెప్పులన్నీ ఒళ్ళో వేసుకుని తెచ్చి తలుపు వెనక పోగుపెట్టాను.

బయటికెలా తెలిసిందని ఎవరో అడిగారు. అందరూ మావయ్య వైపు చూశారు, అంతే. మావయ్య తువ్వాలు మడతపెట్టుకుంటూ, "నా గొంతేనమ్మా. నేనే పాడుచేశాను" అన్నాడు. అప్పుడు చెప్పాలి నేను. నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే బావగారు తలుపు వెనక పోగు చూసి, ఇంత గొడవలోనూ మన తమ్ముడొక్కడు తన పని సక్రమంగా చేశాడని భుజం తట్టారు. నోరు మూసుకున్నాను. చెబితే ఆ ఇంట్లో నా కుర్చీ పోతుంది, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోవాలి. నా భయమంతా అదే.

తర్వాత నలుగురేసి చొప్పున వేరే వేరే ఇళ్ళల్లో కలవాలని నిర్ణయించారు. మావయ్యకు బావగారు మర్యాదగానే చెప్పారు, కొన్నాళ్ళు ఆగండి, సంగతి చల్లబడ్డాక కబురు చేస్తామని. ఆ కబురు వెళ్ళలేదు. నేను శుక్రవారాలు వెళుతూనే ఉన్నాను. పాడేవాళ్ళు లేక మేం నలుగురం పాటలు చదువుకునేవాళ్ళం. తిరిగొచ్చి మెస్‌లో కూర్చుంటే మావయ్య ఏం వాక్యం చదివారని అడిగి, నా కంచంలో చేపముక్క ఇంకోటి వేసేవాడు. ఇదివరకు గరిటె తిప్పుతూ కూనిరాగం తీసేవాడు, ఇప్పుడు గరిటె చప్పుడే. ఒకరోజు ఊరికే అడిగినట్టు అడిగాను, పాడటం లేదేమని. "పాటొచ్చినప్పుడల్లా నోట్లో నాలుగు జీలకర్ర గింజలు ఏసుకుంటన్నాను నాన్నా. ఇంకొన్నాళ్ళు పోతే పాటే రాదులే, ఏ గొడవా ఉండదు" అన్నాడు. కంచం కడుక్కునే మిషతో లేచి వెళ్ళిపోయాను. ఆరు నెలలకు ఆయన కాంట్రాక్టు అయిపోయింది. బస్సెక్కించింది కూడా నేనే. బస్సు దగ్గర చెబుదామనుకున్నాను, పెట్టె బరువు గురించి మాట్లాడాను.

పోయిన ఏడాది నర్సక్క కూతురి పెళ్ళిలో బావగారు మళ్ళీ ఆ కథ ఎత్తారు. అందరూ నవ్వారు, ఈసారి నాకు నవ్వు రాలేదు. వారం తిరక్కుండా భీమవరం బస్సెక్కాను. దారంతా చెప్పవలసింది చిన్నగొంతుతో, మర్యాదగా, రెండే వాక్యాల్లో సిద్ధం చేసుకున్నాను. మావయ్య అరుగుమీద కూర్చుని ఉన్నాడు, నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు. నా రెండు వాక్యాలూ చెప్పేశాను. ఆయన నవ్వుతూ తలూపాడు, లోపలినుంచి కోడలు, "ఆయనకి చెవులు బొత్తిగా పోయాయండీ, గట్టిగా చెప్పాలి" అంది. కొంచెం గట్టిగా చెప్పాను. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కింటావిడ గోడమీంచి చూస్తోంది, సైకిలాయన ఒకడు కాలు కిందపెట్టి ఆగాడు. ఇరవయ్యేళ్ళకు పైగా ఎవరికీ వినబడకుండా దాచుకున్న మాట, బట్టతల వచ్చాక ఇలా వీధి అరుగుమీద అరవాల్సి వస్తుందని తెలిస్తే ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఆరోజే వంటింటి పక్కన నిలబడి మెల్లగా చెప్పేసేవాడు కదా అనుకుంటే, నామీద నాకే నవ్వొచ్చింది. లేచి నిలబడి, ఊపిరి పీల్చుకుని, వీధంతా వినేలా అరిచాను. "మావయ్యగారూ, ఆ రోజు మీ గొంతువల్ల కాదండీ. చెప్పులు బయట పెట్టింది నేను. మిమ్మల్ని అంటుంటే ఊరుకుంది నేను. నన్ను క్షమించండి."